కత్తిగాట్ల మెట్లు

న్యూజెర్సీలోని మా న్యూ బ్రన్స్‌విక్‌లో ఈస్టన్ అవెన్యూ పక్కనే బక్లూ పార్కు. ఇక్కడి తెలుగువాళ్ళం పిల్లల్ని ఆడించడానికి అక్కడికి వెళ్తూనే ఉంటాం. ఆ పార్కులోనే, రారిటన్ నదికి పైన ఎత్తు మీద ఉన్న తెల్లటి మేడలో మాత్రం నేను ఊరికి వచ్చిన ఎన్నో ఏళ్ళకు గానీ అడుగుపెట్టలేదు.

అది 1739లో ఆంథనీ వైట్ కట్టించిన ఇల్లు. ఆయన భార్య ఎలిజబెత్, న్యూజెర్సీ గవర్నర్ లూయిస్ మోరిస్ కూతురు. 1776 జులై 9న కల్నల్ జాన్ నీల్సన్ ఈ ఊరి జనానికి స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించాడు. అయిదు నెలలు తిరక్కుండానే, వెనక్కి తగ్గుతున్న వాషింగ్టన్ సేనను తరుముతూ బ్రిటిష్‌వాళ్ళు వచ్చిపడ్డారు. 1777 జూన్ దాకా ఊరు వాళ్ళ చేతుల్లోనే ఉంది. ఈ మేడలోనూ సిపాయిలు మకాం పెట్టారు. మెట్ల రెయిలింగు కొయ్య మీద గాట్లు చూపించి, ఇవి వాళ్ళ కత్తులవేనని చెబుతారు.

చెప్పేది ‘జెర్సీ బ్లూ’ ఆడవాళ్ళు. స్వాతంత్ర్యానికి తోడ్పడినవాళ్ళ వంశపు స్త్రీలకు డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ అని ఒక సంఘం ఉంది; దానికి మా ఊరి శాఖ అది. నీలం దుస్తుల న్యూజెర్సీ పటాలం పేరే తమకూ పెట్టుకున్నారు. 1911లో పార్కుతో పాటు ఇల్లు కూడా దానంగా ఊరి చేతికి వచ్చింది. లోపల పాత సామాను అమర్చి, మ్యూజియంగా నడుపుతున్నది వీళ్ళే.

ఈ సంఘం పుట్టుకలోనూ మా జెర్సీ ఆడమనిషి ఉంది. 1890లో ఇలాంటి వంశీకుల్లో మగవాళ్ళు పెట్టుకున్న సంఘం స్త్రీలను చేర్చుకోబోమంది. మేరీ లాక్‌వుడ్ అనే ఆవిడకు కోపం వచ్చి, వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు మా జెర్సీ హన్నా ఆర్నెట్ కథ రాసింది. ఎలిజబెత్ పట్నంలో హన్నా ఇంట్లో చేరిన మగవాళ్ళు బ్రిటిష్‌వారి క్షమాభిక్షకు తలొగ్గుదామనుకుంటుంటే, ఆమె లోపలికొచ్చి అందరినీ నిలదీసిందట. మొగుడితో, నువ్వు లొంగితే నీతో కాపురం చెయ్యనందట. ఆ ఉత్తరం అచ్చయిన మూడు నెలలకే, అక్టోబరు 11న సంఘం ఏర్పడింది. అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య కారొలైన్ హారిసన్ సంఘానికి తొలి అధ్యక్షురాలు.

సభ్యత్వానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి, స్వాతంత్ర్యానికి తోడ్పడిన పూర్వీకుల వరకు తరతరానికీ కాగితం చూపాలి. తుపాకీ పట్టినవాళ్ళే కానక్కర్లేదు, సైన్యానికి సరుకులిచ్చినా చాలు. నాకు నచ్చిన సంగతి, ఈ లెక్క తల్లి వైపు నుంచీ చెల్లుతుంది.

నచ్చనిదీ చెప్పాలి. గడప బయట నిలబెట్టిన అవమానం తెలిసిన ఈ సంఘమే 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు తన కాన్‌స్టిట్యూషన్ హాలు ఇవ్వనంది. అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సంఘంలో సభ్యత్వం వదులుకుంది. ఆండర్సన్ ఈస్టర్ నాడు లింకన్ స్మారకం మెట్ల మీద 75,000 మంది ఎదుట పాడింది. స్వాతంత్ర్య యుద్ధంలో నల్లవాళ్ళూ పోరాడారు, వాళ్ళకూ మనవరాళ్ళున్నారు. అయినా సంఘంలో తెలిసినంతలో మొదటి నల్లజాతి సభ్యురాలు, మిషిగన్‌కు చెందిన కేరన్ బాచెలర్, చేరేసరికి 1977 అయింది. ఇంత ఆలస్యాన్ని నేను చిన్న తప్పుగా చూడలేను.

అలాగని ఆ మేడను కాపాడిన చేతుల్ని కాదనలేను. మేం వెళ్ళినప్పుడు మా అమ్మాయి మెట్ల రెయిలింగు గాటులో వేలుపెట్టి, “అమ్మా, మన వాళ్ళ పేర్లు ఎంత వెనక్కి తెలుసు?” అని అడిగింది. నాన్న వైపు ఏడు తరాల మగవాళ్ళ పేర్లు గడగడా చెప్పాను. అమ్మ వైపు అమ్మమ్మ దగ్గరే ఆగిపోయాను. ఆ రాత్రే సొంతూళ్ళో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేమిటని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. “అందరూ పెద్దమ్మి అనేవాళ్ళే. అసలు పేరు మీ పెద్దమామయ్యకు తెలుసేమో, పొద్దున అడిగి చెబుతా” అంది.