గాలి కబురు పల్లెకు చేరిన విధము

పూర్వము మన జాలరులు గాలి దిక్కును, మబ్బు తీరును చూచి పడవ దింపెడివారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. అయినను 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు 10,000 మంది మరణించిరి. తుపాను రాకను శాఖ ముందే చెప్పినది. ఆ మాట అనేక పల్లెలకు అందలేదు.

1999లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రము ఇన్‌కాయిస్ హైదరాబాదు ప్రగతినగర్‌లో ఉన్నది. సముద్రమునకు ఇంత దూరమేల అందురేమో! ఉపగ్రహములు, నీటిపై తేలు బోయాలు కొలతలను ఇచటికి పంపును. గాలి వేగము, అది వీచిన కాలము, దూరములను బట్టి అల ఎత్తును లెక్కించి తీర గ్రామములకు తెలుపుదురు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది. హెచ్చరిక అంది, జనమును ముందే తరలించుటచే రాష్ట్రమున మృతులు వందకు మించలేదు. లెక్క ఎంత సరియైనను, పల్లెకు చేరినపుడే ప్రాణము నిలుపును.