ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు మార్చిన ట్రక్కుల్లో లోపాల నిర్ధారణ

పికప్ ట్రక్కుల్లో ఇంజిన్ బలంతో తిరిగే రేడియేటర్ ఫ్యాన్‌ను తీసేసి, మోటారుతో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను బిగించుకోవడం అమెరికాలో బాగా వాడుకలో ఉన్న మార్పు. షెవర్లే సిల్వరాడో 1500 ఇందుకు మంచి ఉదాహరణ. 1999–2004 మధ్య వచ్చిన ఈ ట్రక్కులకు ఇంజిన్‌తో తిరిగే విస్కస్ క్లచ్ ఫ్యాన్ ఉండేది. 2005 నుంచి కంపెనీయే జంట ఎలక్ట్రిక్ ఫ్యాన్లు అమర్చసాగింది. పాత ట్రక్కులున్నవారు ఈ జంట ఫ్యాన్లనో, పాత సామాను యార్డుల్లో దొరికే ఫోర్డ్ టారస్ కారు ఫ్యాన్‌నో తెచ్చి బిగించుకుంటుంటారు. ఆ తర్వాత ఇంజిన్ వేడెక్కుతోందనీ, బ్యాటరీ దిగిపోతోందనీ, ఫ్యూజు కాలిపోతోందనీ, ఏసీ చల్లగా రావడం లేదనీ ఫిర్యాదులు మొదలవుతాయి. అనుమానం వెంటనే ఫ్యాన్ మీదికో రేడియేటర్ మీదికో పోతుంది. అయితే ఈ మార్పులో ప్రధానంగా మారేది ఫ్యాన్‌కు శక్తి అందే దారి. నిన్నటిదాకా బెల్టు మోసిన బరువును ఇప్పుడు ఆల్టర్నేటర్, తీగలు, రిలే కలిసి మోయాలి. కాబట్టి లోపం వెతకడం ఉష్ణోగ్రత ముల్లుతో కంటే మల్టీమీటరుతో మొదలుపెట్టడమే సరైన పద్ధతి.

ఈ వాదనకు ఆధారం లెక్కల్లోనే ఉంది. పెద్ద ఫ్యాన్ పూర్తి వేగంలో 30 ఆంపియర్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ లాగుతుంది. కదలడం మొదలైన క్షణంలో ఇంకా కొన్ని రెట్లు లాగుతుంది. 16 గేజి రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 13 మిల్లీ ఓములు. అలాంటి తీగ 3 మీటర్లు వాడితే 30 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు తీగలోనే వేడిగా పోతాయి. అదే 10 గేజి తీగలో పోయేది 0.3 వోల్టులే. వోల్టేజీ తగ్గితే మోటారు వేగం, దానితోపాటు గాలి తగ్గుతాయి. రంగు గీకకుండా ఛాసిస్‌కు బిగించిన ఎర్తు, వదులుగా ఉన్న రిలే టెర్మినల్ కూడా ఇదే నష్టం చేస్తాయి. అందువల్ల ఫ్యాన్ తిరుగుతుండగా మోటారు టెర్మినళ్ల దగ్గరా, బ్యాటరీ దగ్గరా వోల్టేజీ కొలిచి పోల్చాలి. తేడా అర వోల్టు దాటితే ఫ్యాన్‌ను నిందించే ముందు వైరింగ్ సరిచేయాలి. ఆల్టర్నేటర్ సంగతీ ఇంతే. దాని మీద రాసి ఉన్న ఆంపియర్లు అది వేగంగా తిరిగేటప్పుడు వచ్చేవి. ఐడ్లింగ్‌లో అంతకన్నా చాలా తక్కువ వస్తాయి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, ఫ్యాన్ కలిసి పనిచేసేటప్పుడు, మామూలుగా 13.8–14.4 వోల్టుల మధ్య ఉండాల్సిన వోల్టేజీ 12.6 కన్నా కిందికి దిగితే బ్యాటరీ ఖర్చైపోతున్నట్టే.

విద్యుత్తు సరిగా అందుతోందని తేలాక, లోపం ఎప్పుడు కనిపిస్తోందో గమనించాలి. గంటకు 70 కిలోమీటర్ల వేగం దాటితే మామూలు బరువుతో వెళ్తున్న ట్రక్కుకు ఎదురుగాలే చాలావరకు సరిపోతుంది. ఆగి ఉన్నప్పుడే వేడెక్కితే ఫ్యాన్ వైపు చూడాలి. తీగలు తారుమారైతే మోటారు ఎదురు దిశలో తిరిగి గాలిని బయటికి నెడుతుంది. గ్రిల్ వైపు రేడియేటర్‌కు కాగితం ఆనిస్తే అది అతుక్కుంటోందా లేదా అన్నదాన్ని బట్టి ఇది తెలిసిపోతుంది. హైవే మీద మాత్రమే వేడెక్కితే థర్మోస్టాట్, వాటర్ పంపు, పూడుకుపోయిన రేడియేటర్, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండి ఎదురుగాలికి అడ్డుపడే తొడుగు (ష్రౌడ్) కారణం కావచ్చు. మార్పు కోసం కూలెంట్ దించి ఉంటే లోపల గాలి చిక్కుకుందేమో కూడా చూడాలి. ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ తిరగకపోతే ట్రాఫిక్‌లో కండెన్సర్ చల్లబడదు. ఫ్యాన్ ఎప్పటికీ ఆగకపోతే అమరికలో తప్పుంది: 91 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్‌లో ఫ్యాన్‌ను 85 దగ్గర ఆగేలా పెడితే కూలెంట్ అంత కిందికి దిగనే దిగదు. సుమారు 98 దగ్గర మొదలై 93 దగ్గర ఆగడం సబబు. 15 పీఎస్ఐ మూత కింద సగం నీళ్లు, సగం కూలెంట్ మిశ్రమం దాదాపు 129 డిగ్రీల దగ్గర గానీ మరగదు కాబట్టి, 98 చూసి కంగారుపడనక్కర్లేదు. తాళంచెవి తిప్పి ఆపేశాక కూడా ఇంజిన్ కాసేపు నడిస్తే, ఇంకా తిరుగుతున్న ఫ్యాన్ జనరేటరుగా మారి ఇగ్నిషన్ వైరుకు కరెంటు పంపుతోందని అర్థం. ఇగ్నిషన్ వైరు నుంచి నేరుగా కరెంటు ఇచ్చినచోట ఇలా జరుగుతుంది. సిల్వరాడో జంట ఫ్యాన్లు కంపెనీ వైరింగ్‌లో తక్కువ వేగంలో సిరీస్‌లో, ఎక్కువ వేగంలో ప్యారలల్‌లో నడుస్తాయి. అందుకే తక్కువ వేగంలో రెండూ ఆగిపోయి, ఎక్కువ వేగంలో ఒకటే తిరిగితే ముందు తిరగని మోటారును పరీక్షించాలి.

ఈ పద్ధతి సాగదీత అనీ, పెద్ద ఫ్యూజు వేస్తే సరిపోతుందనీ కొందరంటారు. ఫ్యూజు కాపాడేది తీగను. తీగ మోయగలిగిన దానికి మించిన ఫ్యూజు వేస్తే ముందుగా కాలేది తీగే. థర్మోస్టాట్ తీసేయమనే సలహా కూడా వినిపిస్తుంది. దానివల్ల ఇంజిన్ కావలసినంత వేడెక్కదు, కంప్యూటర్ P0128 కోడ్‌తో హెచ్చరిక దీపం వెలిగిస్తుంది, ఆగి ఉన్నప్పుడు గాలి చాలని అసలు లోపం అలాగే ఉంటుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కే బలం చాలదన్న మూడో అభ్యంతరంలో మాత్రం నిజముంది. 13.5 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లంటే దాదాపు 400 వాట్లు, సుమారు అర హార్స్‌పవర్. క్లచ్ పూర్తిగా పట్టిన పాత ఫ్యాన్ దీనికి ఎన్నో రెట్ల శక్తి తీసుకుని, ఆ మేరకు గాలి లాగుతుంది. బరువైన ట్రెయిలర్‌తో నెమ్మదిగా కొండలెక్కే ట్రక్కుకు అదే మేలు. తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద తిరిగే భారీ లారీల్లో ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్లు ఉండటానికి ఇదొక కారణం: 24 కిలోవాట్ల ఫ్యాన్‌ను 24 వోల్టులతో తిప్పాలంటే 1000 ఆంపియర్లు కావాలి. అయినా ఇది సామర్థ్యానికి ఉన్న పరిమితి. బరువు లాగేటప్పుడే బయటపడుతుంది. ఖాళీ ట్రక్కు సిగ్నల్ దగ్గర వేడెక్కితే ఈ కారణం వర్తించదు.

కాబట్టి వోల్టేజీ, ఎర్తు, గాలి దిశ, ఆన్-ఆఫ్ ఉష్ణోగ్రతలు వరుసగా పరీక్షించి, అవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే కొత్త ఫ్యాన్‌కో రేడియేటర్‌కో డబ్బు ఖర్చు చేయాలి.