కురుసుర: రెండు శక్తుల జోడునావ

మిర్యాలగూడ బియ్యపు మిల్లులను ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. కరెంటు పోగానే మిల్లు ఒక్కసారిగా మూగపోతుంది. కొద్దిసేపటికి పక్క షెడ్డులోని డీజిలు ఇంజను పొగ కక్కుతూ మొదలవుతుంది. అది జనరేటరును తిప్పుతుంది. జనరేటరు పుట్టించిన విద్యుత్తుతో లోపలి మోటార్లు మళ్ళీ తిరుగుతవి. ఇక్కడ ఇంజను తన బలాన్ని విద్యుత్తు రూపంలో మోటారుకు అప్పగిస్తున్నదన్నమాట. ఈ రెండింటి నడుమ ఒక పెద్ద బ్యాటరీని చేర్చి, అంతా ఒక ఉక్కు గొట్టంలో అమర్చితే, ఇంచుమించుగా డీజిలు-విద్యుత్ జలాంతర్గామి స్వరూపం మనకు బోధపడుతుంది.

సముద్రానికి దూరాన ఉన్న సూర్యాపేట, కోదాడ విద్యార్థులు విజ్ఞానయాత్రకు విశాఖపట్నం పోయినప్పుడు రామకృష్ణా బీచిలో అటువంటి నౌకను చూడవచ్చు. ఒడ్డెక్కి విశ్రమిస్తున్న ఆ నౌక పేరు కురుసుర. చూడవచ్చినవారి కళ్ళు ముందుగా టార్పెడోల మీద పడతవి. కాని ఆ నౌక అసలు కథ వారు నడిచే నేల కింద, ఒకప్పుడు బ్యాటరీలుండిన గదులలో ఉన్నది.

నీటి అడుగున నౌకను నడపడంలో మొదటి చిక్కు ఏమిటి? ఏ ఇంజనులోనైనా ఇంధనం మండాలంటే గాలి కావాలి. నీటి అడుగున ఉన్న గాలి నావికులు పీల్చుకోవడానికే చాలదు. దానిని ఇంజనుకు పంచిపెడితే కొద్ది నిమిషాలలో ప్రాణాలకే ముప్పు. విద్యుత్ మోటారు గాలి కోరదు, పొగ విడవదు.

విద్యుత్తుతో పడవ నడపవచ్చునని 1838లోనే జాకోబీ అనే శాస్త్రజ్ఞుడు రష్యాలోని నీవా నదిపై నిరూపించినాడు. అయితే ఆయన బ్యాటరీలో జింకు పలకలు కరిగిపోయేవి; అవి కరిగిన తరువాత కొత్తవి వేయవలసిందే. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే సీసపు పలకలతో మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయదగిన ఘటాన్ని కనుగొన్నాడు. 1888లో ఫ్రాన్సు నౌకాదళం జిమ్నోట్ అనే జలాంతర్గామిని కేవలం బ్యాటరీతో నడిపించినది. కాని అందులోని శక్తి అయిపోతే రేవుకు తిరిగి రావడం తప్ప వేరు దారి లేదు.

ఈ ముడిని విప్పినవారిలో ముఖ్యుడు జాన్ హాలండ్. ఆయన ఐర్లండులో పుట్టి, అమెరికా చేరిన బడిపంతులు. 1897లో ఆయన నీటిలో దించిన నౌకలో పైకి తేలినప్పుడు పెట్రోలు ఇంజను, మునిగినప్పుడు మోటారు పనిచేసేవి. తేలి ఉన్నప్పుడు ఆ ఇంజనే బ్యాటరీని నింపేది. 1900లో అమెరికా నౌకాదళం దానిని కొన్నది. తరువాతి కాలంలో పెట్రోలుకు బదులు, అంత సులభంగా ఆవిరై అంటుకోని డీజిలు వాడుకలోకి వచ్చినది. నేడు మనం హైబ్రిడ్ అని పిలుస్తున్న జోడు పద్ధతికి సముద్రంలో నూరేళ్ళకు మించిన చరిత్ర ఉన్నదన్నమాట.

మన దేశపు మొదటి జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న సోవియట్ దేశంలోని రీగా రేవులో భారత నౌకాదళంలో చేరినది. ఆ ఏడాది జరిగిన యుద్ధం వల్ల సూయజ్ కాలువ మూతపడి ఉన్నది. అందువల్ల కల్వరి ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, 1968లో విశాఖపట్నం చేరుకున్నది. అదే తరగతికి చెందిన కురుసుర 1969 డిసెంబరు 18న రీగాలోనే నౌకాదళంలో చేరినది.

కురుసుర పొడవు 91 మీటర్లు. నావికులు సుమారు 75 మంది. అందులో ఒక్కొక్కటి 2,000 అశ్వశక్తిగల డీజిలు ఇంజనులు మూడు, వాటికి తోడుగా మూడు ప్రధాన విద్యుత్ మోటార్లు ఉండేవి. నీటిపైన తేలినప్పుడు ఇంజనులు మూడు పంకాలను తిప్పేవి. మునిగినప్పుడు ఇంజనులను విడదీసి మోటార్లతో నడిపేవారు. బ్యాటరీ నింపవలసి వచ్చినప్పుడు ఇంజను అదే మోటారును తిప్పేది. అప్పుడు అది జనరేటరుగా మారేది. నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రంలోనూ ఇటువంటి యంత్రాలున్నవి. నీరు దిగినప్పుడు అవి విద్యుత్తును పుట్టిస్తవి. అవే విద్యుత్తు తీసుకొని నీటిని తిరిగి పైకి తోడగలవు. ఒకే యంత్రం రెండు దిశలలోనూ పనిచేయడమే ఇందులోని సూత్రం.

ఈ తరగతి నౌకలలో 448 సీసపు ఘటాలను 112 చొప్పున నాలుగు వర్గాలుగా అమర్చేవారు. ఘటానికి సుమారు 2 వోల్టులు కనుక, 112 ఘటాలను శ్రేణిలో కలిపితే 224 వోల్టులు వస్తవి. ఇంత పెద్ద బ్యాటరీతో ఎంత దూరం పోవచ్చును? తేలి డీజిలుతో పోతే గంటకు 8 నాటికల్ మైళ్ళ వేగంతో సుమారు 20,000 మైళ్ళు. మునిగి బ్యాటరీతో పోతే గంటకు 2 మైళ్ళ నెమ్మదైన నడకతో సుమారు 400 మైళ్ళు మాత్రమే. వేగం పెంచితే ఈ దూరం మరింత తగ్గుతుంది. వేగాన్ని రెట్టింపు చేస్తే నీటి నిరోధం నాలుగింతలు, కావలసిన సామర్థ్యం ఎనిమిదింతలు అవుతుంది. కనుక నీటి అడుగున తొందర పనికిరాదు.

బ్యాటరీ తరిగినప్పుడు నౌక ఉపరితలానికి చేరువగా వచ్చి, గాలి గొట్టాన్ని నీటిపైకి ఎత్తి ఇంజనులను నడపవలసినదే. ఇంజను చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. గొట్టం రాడారుకు చిక్కవచ్చును. శక్తిని నింపుకొనే వేళే శత్రువుకు దొరికిపోయే వేళ.

ప్రమాదం శత్రువు వల్లనే కాదు. సీసపు ఘటం నిండవచ్చేటప్పుడు అందులోని నీరు విడిపోయి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. 1971 డిసెంబరులో విశాఖపట్నం తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభైమందికి పైగా నావికులతో మునిగిపోయినది. కారణం విషయమై నేటికీ భిన్నాభిప్రాయాలున్నవి. బ్యాటరీ నింపేటప్పుడు హైడ్రోజన్ పేలి ఉండవచ్చుననేది వాటిలో ఒకటి. బడి ప్రయోగశాలలో పరీక్షనాళిక మూతి వద్ద 'టప్'మని పేలే వాయువే అది. కొలతలు చూచి గాలి మార్చే నావికుని జాగ్రత్త మీద నౌకలోని వారందరి ప్రాణాలు ఆధారపడి ఉంటవి.

కురుసుర ఆ యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగినది. మొత్తం 73,500 నాటికల్ మైళ్ళు పయనించి, 2001 ఫిబ్రవరిలో విరమించినది. 2002 ఆగస్టులో విశాఖలో ప్రదర్శనశాల అయినది.

ఇక ఆకాశం సంగతి చూద్దాం. 1884లో ఫ్రాన్సులో రెనార్, క్రెబ్స్ అనేవారు లా ఫ్రాన్స్ అనే వాయునౌకను బ్యాటరీతో నడిపి, 23 నిమిషాలలో సుమారు 8 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన చోటికే చేర్చినారు. 2020లో ఐరోపాలో అనుమతి పొందిన వెలిస్ ఎలక్ట్రో అనే విద్యుత్ విమానంలో కూర్చోగలిగేది ఇద్దరే. అది ఎగిరేది గంటలోపే. ఎందువల్ల? కిలో డీజిలును మండిస్తే ఇంజను ద్వారా నాలుగైదు యూనిట్ల పని దొరుకుతుంది. కిలో సీసపు బ్యాటరీలో ఉండేది యూనిట్టులో ముప్పయ్యో వంతు. నేటి లిథియం బ్యాటరీలోనైనా పావు యూనిట్టు. నౌక బరువును నీరు మోస్తుంది. విమానం తన బరువును తానే పైకెత్తుకోవాలి. పైగా ఇంధనం మండిన కొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ బరువు చివరిదాకా తరగదు.

అందువల్లనే ఈ మార్పు నీటిపైన ముందు ఫలిస్తున్నది. కేరళలో 2017లో ఆదిత్య అనే సౌరవిద్యుత్ పడవ, 2023లో కొచ్చి జలమెట్రో పడవలు నడక సాగించినవి. విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్రం అనే టార్పెడో కూడా బ్యాటరీతో నడిచేదే. 2017లో చేరిన కొత్త కల్వరి సైతం తన పాత పేరింటి నౌకవలె డీజిలు-విద్యుత్ నౌకయే. యాభై ఏళ్ళలో ఎన్నో మారినవి. జోడుసూత్రం మాత్రం నిలిచినది.

కిలో బరువులో ఎన్ని యూనిట్లు నింపగలము? జాకోబీ నాటినుంచి నేటివరకు విద్యుత్ ప్రయాణాన్ని ఆపుతున్నదీ, ముందుకు నడుపుతున్నదీ ఈ ఒక్క ప్రశ్నయే. దానికి మేలైన జవాబు యంత్రశాలలో కంటె రసాయన ప్రయోగశాలలో దొరకవచ్చును. ఈసారి విశాఖ పోయిన విద్యార్థులు కురుసురలో టార్పెడోలను చూచిన తరువాత, ఒక్క క్షణం తమ కాళ్ళకింది నేలను గురించి కూడా ఆలోచింతురుగాక.