కుష్ఠు, తామర, ఎలర్జీల నడుమ సోరియాసిస్: ఒక వ్యాధి పేరు వేరుపడిన చరిత్ర

ఉపోద్ఘాతం

మోచేతుల వెనుక, మోకాళ్ల ముందు, తలలో వెండిరంగు పొలుసులతో మందపాటి మచ్చలు లేచిన మనిషికి మన ఇళ్లలో మొదట ఎదురయ్యే ప్రశ్న "ఏం తిన్నావు? ఏది పడలేదు?" అన్నది. వంకాయ, గోంగూర, ఎండుచేప, కోడిగుడ్డు ఒక్కొక్కటిగా విస్తరి నుంచి తొలగిపోతాయి. నెలలు గడిచినా మచ్చలు తొలగవు. ఈ ప్రశ్న వెనుక ఉన్న రోగభావన ఎక్కడిది? సోరియాసిస్ ప్రత్యేక వ్యాధిగా ఎప్పుడు గుర్తింపు పొందింది? దానిని మరొకటిగా పొరబడిన కాలాల్లో రోగి ఏం భరించవలసి వచ్చింది? ఈ అంశాలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పేర్ల చరిత్ర చెప్పేటప్పుడు లక్షణాల ప్రస్తావన తప్పదు. చర్మవ్యాధుల విషయంలో చాలాకాలం వైద్యుని కన్నే ఏకైక పరికరం.

లెప్రా, కుష్ఠం

గ్రీకు భాషలో 'లెపిస్' అంటే పొలుసు, 'ప్సోరా' అంటే దురద. హిపోక్రటీసు పేరిట ఉన్న వైద్యగ్రంథాలలో 'లెప్రా' అన్న మాట పొలుసులు రాలే చర్మవ్యాధులన్నింటికీ వర్తించింది. నేడు మనం కుష్ఠు అంటున్న వ్యాధిని గ్రీకు వైద్యులు 'ఎలిఫాంటియాసిస్' అనేవారు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దం నుంచి హీబ్రూ పవిత్రగ్రంథాన్ని గ్రీకులోకి అనువదించినవారు అశుచిని సూచించే 'త్సారాత్' అన్న పదానికి 'లెప్రా'ను వాడారు. మధ్యయుగంలో అరబ్బీ వైద్యగ్రంథాలు లాటిన్‌లోకి వచ్చినప్పుడు అసలైన కుష్ఠుకు కూడా అదే పదం స్థిరపడింది. ఆ విధంగా పొలుసులు, అశుచి, అంగవైకల్యం అనే మూడు భావాలు ఒకే మాటలో కలిసిపోయాయి.

సంస్కృత వైద్యంలోనూ ఇటువంటి విస్తృతి కనిపిస్తుంది. చరకసంహిత కుష్ఠాన్ని ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలుగా, మొత్తం 18గా విభజించింది. చేప పొలుసును తలపించే ఏకకుష్ఠాన్ని, గరుకైన కిటిభాన్ని సోరియాసిస్‌తోను, విచర్చికను నేటి ఎగ్జిమాతోను పండితులు పోల్చారు. ఈ సమీకరణాలను అక్షరాలా తీసుకోరాదని నా అభిప్రాయం. ఆనాటి వర్గీకరణ దోషసిద్ధాంతం మీద నిలిచినది. ఇక్కడ గమనించవలసినది వేరు. సంస్కృతంలో చర్మవ్యాధుల కుటుంబం మొత్తానికి చెందిన 'కుష్ఠం', ఆధునిక తెలుగులో ఒకే ఒక్క అంటువ్యాధికి పేరుగా కుదించుకుపోయింది. ప్రాచీన గ్రంథంలో ఆ మాటను చూసిన నేటి పాఠకుడు పొరబడేది ఇక్కడే.

మధ్యయుగ ఐరోపాలో సోరియాసిస్ రోగులను కుష్ఠురోగులుగా వెలివేశారన్న మాట వైద్యచరిత్ర పుస్తకాలలో తరచు కనిపిస్తుంది. దీనిని కొంత జాగ్రత్తగా స్వీకరించాలి. డెన్మార్క్‌లోని నేస్ట్‌వెడ్ కుష్ఠుశాల శ్మశానంలో మోల్లర్-క్రిస్టెన్సెన్ జరిపిన తవ్వకాలలో బయటపడిన అస్థిపంజరాలలో అధికభాగం నిజంగానే కుష్ఠు చిహ్నాలను చూపాయి. అంటే ఆనాటి పరీక్షకులు మరీ గుడ్డిగా వ్యవహరించలేదు. అయితే చర్మం మీది పొలుసులు ఎముకల మీద గుర్తు మిగల్చవు. పొరపాటున చేరినవారు ఎందరో ఆ శ్మశానం పూర్తిగా చెప్పలేదు.

బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి కుష్ఠురోగుల చట్టం నిర్బంధానికి గురిచేయదగిన వ్యక్తిని పుండ్లు పడిన దశ ఆధారంగా నిర్వచించింది. సోరియాసిస్ మచ్చ సాధారణంగా పుండు కాదు కనుక ఆ నిర్వచనంలోకి రాదు. కానీ ఇరుగుపొరుగు చట్టం చదివి చూడరు. కుష్ఠును విడాకుల కారణాలలో ఒకటిగా ఉంచిన నిబంధన వివాహ చట్టాల నుంచి తొలగింది 2019లో మాత్రమే. చర్మం మీది మచ్చకు ఏ పేరు పెడతారన్నది పెళ్లి, ఉద్యోగం, పంక్తిభోజనం వంటి అన్ని సందర్భాలనూ తాకే ప్రశ్నగా ఉండిపోవడానికి ఇదే నేపథ్యం.

విల్లన్ నుంచి హెబ్రా వరకు

రెండవ శతాబ్దానికి చెందిన గేలెన్ 'ప్సోరియాసిస్' అన్న మాటను కనురెప్పల దురద, పొలుసులకు వాడాడు. ఆ వర్ణన నేటి ఎగ్జిమాకు దగ్గరగా ఉంటుంది. వ్యాధి ఒకటి, పేరు మరొకటి!

లండన్‌లోని కేరీ స్ట్రీట్ ధర్మవైద్యశాలలో పనిచేసిన రాబర్ట్ విల్లన్ (1757–1812) కారణాల ఊహను పక్కనపెట్టి, చర్మం మీద కంటికి కనబడే మొదటి రూపాన్ని ఆధారం చేసుకున్నాడు. పొక్కు, పొలుసు, దద్దు, బొబ్బ, చీముగుల్ల మొదలైన ఎనిమిది తరగతులను ఏర్పరచాడు. 1808లో గ్రంథరూపం దాల్చిన ఈ పద్ధతి నేటి చర్మవైద్య పదజాలానికి పునాది. అయినా అతడు గుండ్రని పొలుసు మచ్చలకు 'లెప్రా' అన్న పాత పేరునే ఉంచి, క్రమరహితమైన వాటికి 'సోరియాసిస్' అన్నాడు. చూపు కొత్తది, మాట పాతది. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఈ రెండూ ఒకే వ్యాధి రూపాలని తేల్చి, 'లెప్రా'ను దాని నుంచి తొలగించాడు. హాన్సెన్ కుష్ఠు సూక్ష్మజీవిని గుర్తించింది 1873లో. కనుక ఈ విభజన సూక్ష్మజీవి శాస్త్రం కంటె ముందే కేవలం పరిశీలనతో జరిగింది.

తర్వాతి గుర్తులు కూడా పరిశీలన ఫలితాలే. పొలుసును గీకి తీస్తే సూదిమొనలంత రక్తబిందువులు కనిపించడానికి ఆస్పిట్జ్ పేరు నిలిచింది. 1872లో బ్రెస్లావ్ వైద్యుడు కోబ్నర్, గుర్రం కరిచిన చోట, పచ్చబొట్టు పొడిచిన చోట సోరియాసిస్ మొలిచిన రోగిని వర్ణించాడు. గాయపడిన చర్మం మీద వ్యాధి పుట్టడాన్ని నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు.

ఒక పొరపాటు మేలు కూడా చేసింది. బ్రెజిల్ చెట్టు నుంచి తీసిన పొడి ఒకటి పోర్చుగీసువారి వెంట గోవా చేరి, 'గోవా పౌడర్' పేరుతో మనదేశంలో తామరకు మందుగా వ్యాపించింది. సోరియాసిస్‌ను తామరగా భావించి ఆ పొడి వాడిన రోగికి మచ్చలు తగ్గడాన్ని 1876లో లండన్ వైద్యుడు బాల్మానో స్క్వయర్ గుర్తించాడు. దాని ఆధారంగానే 1916లో జర్మనీలో డిత్రనాల్ తయారయింది. అయితే ఇటువంటి పొరపాట్లలో ఎక్కువభాగం రోగికి కలిసిరావు.

'పడకపోవడం' అన్న భావన

ఎలర్జీ అన్న మాట వయసు నూటఇరవై ఏళ్లే. వియన్నా బాలవైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో దానిని రూపొందించాడు. అంతకు పదేళ్ల ముందే యాడాసోన్, పాదరసపు లేపనం వల్ల ఎగ్జిమా వచ్చిన రోగి చర్మం మీద ఆ పదార్థాన్నే కట్టుకట్టి పరీక్షించి, స్పర్శజన్య ఎలర్జీని నిరూపించే మార్గం చూపాడు. నేటి ప్యాచ్ పరీక్షకు అదే మూలం.

ఈ మాట తెలుగులో అతి సులభంగా ఇమిడిపోయింది. అందుకు కారణం 'పడదు' అన్న మన క్రియ అని భావిస్తున్నాను. ఒంటికి పడని తిండి, పడని నీరు, పడని గాలి అన్న ఆలోచన పథ్యవిధానంలో ఎప్పటినుంచో ఉంది. ఎలర్జీ దానికి శాస్త్రీయమైన కొత్త పేరుగా వచ్చి చేరింది. ఆ ఆలోచనలో సత్యం లేకపోలేదు. వయ్యారిభామ మొక్క వల్ల ముఖం, మెడ, కనురెప్పలు కమిలిపోయే రైతులు మన పల్లెల్లో ఉన్నారు. బొట్టుబిళ్ల జిగురు నుదుటిమీద, గడియారపు పట్టీ మణికట్టు మీద తమ ఆకారాన్నే మచ్చగా ముద్రిస్తాయి. అక్కడ కారణం బయట ఉంది. దాన్ని తొలగిస్తే చర్మం కుదుటపడుతుంది. దద్దుర్లైతే ఒక్కొక్కటి సాధారణంగా ఒకరోజులోపే మాయమవుతుంది.

సోరియాసిస్ స్వభావం భిన్నం. మచ్చ అంచు గీత గీసినట్టు ఉంటుంది, నెలల తరబడి అక్కడే నిలుస్తుంది, గోళ్లపై సూదిగుంటలు పడవచ్చు, కొందరికి కీళ్లు వాస్తాయి. ఎగ్జిమా మోచేతి మడతను కోరితే ఇది మోచేతి వెనుకభాగాన్ని కోరుతుంది. ఐరోపా గ్రంథాలు చెప్పే గులాబీ ఎరుపు మన చామనఛాయ చర్మం మీద ఊదాగా, ముదురు గోధుమగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాన్ని నమ్ముకున్న విద్యార్థి తడబడే చోటు ఇది.

దీనిని చర్మకణాల లోపంగానే భావించిన కాలం 1979లో మారింది. కీళ్లవ్యాధితో ఉన్న సోరియాసిస్ రోగులకు రోగనిరోధకశక్తిని అణచే సైక్లోస్పోరిన్ ఇచ్చినప్పుడు చర్మం కూడా శుభ్రపడింది. ఎలర్జీలో వలెనే ఇందులోనూ రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఉందని తేలింది. అంతమాత్రాన ఇది ఎలర్జీ కాదు. తొలగించడానికి బయట నిర్దిష్టమైన పదార్థమేదీ లేదు. వంశపారంపర్య స్వభావం ఉన్నవారిలో గొంతు ఇన్ఫెక్షను, గాయం, కొన్ని మందులు దీనిని రేపుతాయి.

ఈ భేదం తెలియకపోవడం వల్ల కలిగే నష్టం పథ్యంతో ఆగదు. ఎలర్జీ అనుకొని స్టెరాయిడ్ మాత్రలు వాడితే మచ్చలు వేగంగా తగ్గుతాయి. వాటిని హఠాత్తుగా ఆపినప్పుడు ఒళ్లంతా ఎర్రబారి పొలుసులూడటం, చీముపొక్కులు లేవడం వంటి ప్రమాదస్థితి ఏర్పడవచ్చు. మాత్ర పనిచేసింది కనుక ఎలర్జీయే అన్న నమ్మకం ఈలోగా ఇంట్లో స్థిరపడిపోతుంది.

రోగి పక్షం నుంచి ఈ చరిత్రను రాసినవారు తక్కువ. ఆరేళ్ల వయసు నుంచి ఈ వ్యాధితో జీవించిన అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ 1985లో ప్రచురించిన వ్యాసంలో, ఎండ కోసం సముద్రతీరపు ఊరిని ఎంచుకోవడం మొదలుకొని, నలుగురి కంట పడనక్కరలేని రచనావృత్తిని చేపట్టడం దాకా తన నిర్ణయాలను చర్మమే నడిపిందని చెప్పుకున్నాడు. ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్‌ను అంటని, దీర్ఘకాలిక వ్యాధిగా పేర్కొంటూ, రోగులు ఎదుర్కొనే వివక్షను ప్రస్తావిస్తూ తీర్మానం చేసింది 2014లో. హెబ్రా 'లెప్రా'ను తొలగించి అప్పటికి 173 ఏళ్లు.