వెల్స్ 'కాలయంత్రము': వర్గభేదము, మానవ పరిణామము

హెచ్. జి. వెల్స్ 1895లో ప్రకటించిన 'ది టైమ్ మెషీన్' నవలికను కేవల వినోదకథగా నెంచుట తగదు. క్రీ.శ. 802701వ సంవత్సరమున కాలయాత్రికునకు రెండు జాతులుగా చీలిన మానవకులము కానవచ్చును. పండ్లు తినుచు ఆడుకొను ఎలాయ్‌లు పూర్వపు ధనికుల సంతతి. భూగర్భమున యంత్రములు నడపు మార్లాక్‌లు శ్రామికుల సంతతి. రాత్రివేళ వీరు వారిని పట్టి భక్షింతురు.

ఈ కల్పనకు శాస్త్రాధారము లేకపోలేదు. వెల్స్ 1884లో లండనున టి. హెచ్. హక్స్‌లీ కడ జీవశాస్త్రము నభ్యసించెను. పరిణామమనగా నిత్యాభ్యుదయమే యను విశ్వాసమును హక్స్‌లీ అంగీకరింపలేదు. రే లాంకెస్టర్ 1880లోనే జీవజాతుల క్షీణతపై గ్రంథము వ్రాసియుండెను. వెల్స్ ఆ సూత్రమును సంఘమునకు అన్వయించెను. అవసరము లేనిచోట బుద్ధి క్షయించును. ఎలాయ్‌ల దౌర్బల్యమునకు హేతువు వారి పూర్వుల విజయమే.

ఇచ్చట నొక చిక్కు గలదు. వెల్స్ తల్లి సస్సెక్స్‌లోని అప్‌పార్క్ అను ప్రభుభవనమున గృహనిర్వాహకురాలు. అచ్చటి సేవకులు నేలమాళిగలలో మసలుచు, సొరంగముల గుండ రాకపోకలు సాగించెడివారు. ఆ జీవితము నెఱిగిన రచయిత మార్లాక్‌లను జుగుప్సాకరముగా చిత్రించుట వర్గద్రోహమా? మేమట్లు తలపము. కథ చెప్పువాడు సేవకులుగల విద్యాధికుడు; ఆ జుగుప్స అతనిది. ఎలాయ్‌ల దురవస్థ మానవస్వార్థమునకు తగిన శిక్షయని అతడు తొలుత సరిపెట్టుకొన జూచును. సాధ్యపడదు. వారి రూపము తనకు సన్నిహితమగుటచే జాలి కలుగును. విమర్శకులు తఱచుగా విడిచిపెట్టు ఘట్టము మఱొకటి కలదు: మార్లాక్‌లు అపహరించిన కాలయంత్రము తిరిగి లభించునప్పటికి, దానిని వారు శ్రద్ధగా తుడిచి నూనె వేసియుంచిరి.