పుష్య బహుళ పంచమి



మన పూర్వులకు జన్మదినములను లెక్కించుకొను వాడుక తక్కువ. శ్రీరామునకు నవమియు, శ్రీకృష్ణునకు అష్టమియు గలవు గాని, మానవమాత్రునకు మరణతిథియే ముఖ్యమైనది. ఆ తిథినాడు కుమారుడు శ్రాద్ధము పెట్టవలెను. కుమారుడు లేనిచో పౌత్రుడు, దౌహిత్రుడు, జ్ఞాతి, తుదకు శిష్యుడు, ఇట్లు ధర్మశాస్త్రకారులొక వరుస నేర్పరచి, కర్మ చేయుటకు అధికారి యెవడో నిర్ణయించి యుంచిరి. నేడు మనము మల్లయోధునకును, గాయకునకును, ప్రజల హక్కులకై పోరాడిన నాయకునకును జయంతులు, వర్ధంతులు, శతజయంతులు జరుపుచున్నాము. సభకు అధ్యక్షుడుండును, పూలదండ యుండును, ఉపన్యాసము లుండును. ఈ స్మరణము చేయుటకు అధికారి యెవడని మాత్ర మెవ్వరు నడుగరు. ఒకప్పు డా ప్రశ్న కావేరీతీరమున నొక సమాధియొద్ద మిక్కిలి తీవ్రముగా లేచినది. ఆ వృత్తాంతమునే నేడు మీకు విన్నవింప దలచితిని.

త్యాగరాజస్వామి 1767 మే 4వ తేదీన తిరువారూరులో జన్మించెను. ఆయన వంశము కాకర్లవారు. ఆ యింటిపేరునకు మూలము మన కంభము ప్రాంతమందలి కాకర్ల గ్రామమేయని చెప్పుదురు. జీవితమంతయు తిరువయ్యారులో గడపి, తుదిదినములలో సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పరాభవ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందెను. సన్న్యాసికి పిండప్రదానము లేదు, ఆరాధన మాత్రమే కలదు. అందువలననే ఆ దినమునకు వర్ధంతి యనక ఆరాధన యను పేరు నిలిచినది. తిథి ననుసరించుటచే ఇంగ్లీషు తేదీ ఏటేట మారుచుండును. పంచాంగము చూడనివారు పత్రికలో జూచి తెలిసికొనుచున్నారు, అంతియే భేదము.

ఆయనకు పుత్రులు లేరు. కుమార్తె సీతాలక్ష్మి; ఆమె కుమారుడు తాతగారి పేరే పెట్టుకొనియు, నిస్సంతుగా గతించెను. దానితో వంశము ముగిసినది. శిష్యులు వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము మొదలగు చోట్ల నుండి, గురువుగారి తిథిని ఎవరి యింట వారు జరుపుకొనుచుండిరి. సమాధిని జూచువారు లేక పొదలు పెరిగినవి. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట 1903 ప్రాంతమున, ఉమయాళ్పురమునకు చెందిన కృష్ణభాగవతరు, సుందరభాగవతరు అను వృద్ధశిష్యులు వచ్చి, ఆ చోటు వెదకి బాగుచేయించిరి. 1908లో స్వామివారి కీర్తనలను సంపుటముగా బ్రకటించిన తిల్లస్థానము నరసింహభాగవతరును, ఆయన సోదరుడు పంజు భాగవతరును అక్కడ ఏటేట ఉత్సవము నడపుటకు బూనుకొనిరి.

ఇక్కడనుండి మన దేశాచారము ప్రకారము రెండు కక్షలు బయలుదేరినవి. ఒకటి పెద్దకక్షి, ఒకటి చిన్నకక్షి. ఒకరి ఉత్సవము పంచమితో ముగియును. మరియొకరిది పంచమితో మొదలగును. ఒక్క త్యాగయ్యకు రెండు పందిళ్ళు, రెండు సంతర్పణలు, రెండు చందాపుస్తకములు. ఈ తగవుల వివరములను పెంచి మీ కాలము వ్యర్థము చేయను. గమనింపదగిన విషయ మొక్కటే: రెండు కక్షలవారు నొక సంగతిలో మాత్ర మేకాభిప్రాయులై యుండిరి. స్త్రీలు అచ్చట పాడరాదు.

ఇట్టి స్థితిలో బెంగుళూరు నాగరత్నమ్మగారు ప్రవేశించిరి. ఆమె 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కులమున బుట్టినది. తల్లి పేరు పుట్టలక్ష్మి. బాల్యముననే సంస్కృతము చదివి, సంగీతము నేర్చి, చెన్నపట్టణము చేరి, పాటకచ్చేరీలచే విశేషధనము నార్జించినది. ఆమెకు తెలుగు పాటకు వలసిన తెలుగు మాత్రమే గాదు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమందలి కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును వ్రాతప్రతితో సరిచూచి, 1910లో వావిళ్ళవారిచే అచ్చువేయించినది. ఆ కావ్యమును అంతకుముందే కందుకూరి వీరేశలింగము పంతులుగారు అశ్లీలమని నిందించి యుండిరి. సిగ్గు అనునది స్త్రీలకేగాని పురుషులకు లేదా, పురుషులు వ్రాసిన ప్రబంధములలోని శృంగార మెవరికిని బాధింపలేదా యని నాగరత్నమ్మగారు పీఠికలో సూటిగా బ్రశ్నించిరి. 1911లో ప్రభుత్వ మా గ్రంథమును నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రధానిగా నున్న కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. 1881లో రాజమహేంద్రవరమున విధవావివాహము చేయించిన పంతులుగారియందు నాకు గల భక్తి కొంచెమైనది గాదు. అయినను ఈ వాదములో ఆమెదే పైచేయి యని వ్యాకరణము, అలంకారశాస్త్రము చదువుకొన్న నేను ఒప్పుకొనక తప్పదు. కుమారసంభవము నెనిమిదవ సర్గ చదివినవారెవరు ఇట్టి నింద మోపుటకు అర్హులు?

త్యాగరాజస్వామి సమాధి మరల పాడుపడి యున్నదని గురుతుల్యులైన బిడారము కృష్ణప్పగారు ఆమెకు జాబు వ్రాసిరి. స్వామి స్వప్నమున గనబడినట్లును ఆమె చెప్పుకొనెడిది. ఆమె తిరువయ్యారునకు బోయి, ఆ నేలను సంపాదించి, తన ధనముతో 1921 అక్టోబరులో గుడికి పునాది వేయించినది. నగలును, ఆస్తియు నందులకే వెచ్చించినది. 1925 జనవరిలో విగ్రహప్రతిష్ఠయు, కుంభాభిషేకమును జరిగినవి. రెండు కక్షలవారు నా గుడిలో పూజలు చేసికొనిరి, పాడుకొనిరి. గుడి కట్టించిన యామె పాడెద ననగా వలదనిరి. హరికథయైన జెప్పెద ననగా నదియు గూడదనిరి.

ధర్మశాస్త్రము తెలిసిన శ్రోతలిచ్చట నాతోపాటు క్షణమాలోచింప గోరెదను. స్త్రీకి కర్తృత్వము లేదని చెప్పిరేమో యనుకొన్నను, సన్న్యాసి యారాధనలో కర్మకర్త యను ప్రసక్తియే స్వల్పము. అచ్చట జరుగునది సంకీర్తనము. భగవన్నామ సంకీర్తనమునకు అధికారిభేదము లేదని మన భక్తిగ్రంథములన్నియు ఘోషించుచున్నవి. కావున శాస్త్రము చెప్పిన యడ్డుగాదు, లోకులు పెట్టిన యడ్డు.

ఆమె అలిగి కూర్చుండలేదు. 1927 ప్రాంతమున గుడి వెనుకభాగమున స్త్రీలను జేర్చి, మూడవ ఉత్సవము నారంభించినది. దానికి పెణ్గళ్ కక్షి, అనగా ఆడవారి కక్షి, యని లోకులు పేరు పెట్టిరి. ముందు పురుషులు రెండు పక్షములుగా బాడుకొనుచుండగా, వెనుక స్త్రీలు తమ పాట తాము పాడుకొనిరి. ఇట్లు పదమూడు పదునాలుగేండ్లు గడచినవి. 1940లో పెద్దలు కొందరు పూనుకొని, పక్షములన్నిటిని గలిపి శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభగా నేర్పరచిరి. అధికారిగా నుండిన ఎస్. వై. కృష్ణస్వామిగారును, విద్వాంసుడు ముసిరి సుబ్రహ్మణ్యయ్యరుగారును అందులో ముఖ్యులు. మరుసటి సంవత్సరము మొదలుకొని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్నకీర్తనలను విద్వాంసులందరు నొక్కచో గూర్చుండి గోష్ఠిగా బాడు పద్ధతి స్థిరపడినది. ఆ గోష్ఠిలో స్త్రీలకును స్థానము దొరకినది. అనాదిగా వచ్చుచున్నదని మన మనుకొను నా దృశ్యమునకు నూరేండ్లు గూడ నిండలేదు.

ఈమె చరిత్రలో మరియొక భాగము గలదు. దానిని దాచుట న్యాయము గాదు. దేవదాసీ వృత్తిని నిషేధింపవలెనని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనసభలో బూనుకొన్నపుడు, నాగరత్నమ్మగారు దేవదాసీ సంఘమునకు ముందునిలిచి యెదిరించిరి. ఆ శాసనము 1947లో వచ్చినది. బాలికలను దేవునిపేర నర్పించి, పిదప జరిగించు దౌష్ట్యమును మాన్పవలె నన్న ముత్తులక్ష్మీరెడ్డిగారి పక్షమే ధర్మమని నా తీర్పు. అయినను, తమ విద్యను, ఆస్తిహక్కును, మర్యాదను ఒక్క కలముపోటుతో దుడిచివేయుచున్నారని భయపడిన స్త్రీల మాటయు వినదగినదే. ఇద్దరును దేవదాసీ కుటుంబములతో సంబంధము గలవారే. ఇద్దరును స్త్రీజాతి మేలునే కోరిరి. వర్ధంతిసభలలో మన మిట్టి చిక్కులను విడిచి పొగడ్తలే చదువుదుము.

ఇక నా సంగతి యొకటి చెప్పుకొందును. ముప్పదియేండ్లు తెలుగుపండితుడనుగా నుండి, ప్రతి పుష్యమాసమునను పాఠశాలలో త్యాగరాజస్వామి చరిత్ర చెప్పితిని. ఒకయేట ఎనిమిదవ తరగతి బాలిక లేచి, "ఆ గుడి ఎవరు కట్టించారండీ, మాష్టారూ?" యని యడిగినది. నేను తడుముకొనక, "తంజావూరు రాజులు కట్టించి యుందురు, కూర్చో" యంటిని. ఆ పిల్ల అట్లే తన పుస్తకములో వ్రాసికొనినది. ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట తిరువయ్యారునకు బోయినపుడు గాని నాకు నిజము తెలియలేదు. పందిటిలో నా ప్రక్కన గూర్చున్న తమిళుడొకడు, చేతిలో తమిళలిపి పుస్తకము పట్టుకొని, పంచరత్నము లన్నియు తప్పులేకుండ బాడెను. నడుమ నావైపు దిరిగి "దుడుకు" అనగా నేమి యని యడిగెను. తెలిసికొనక త్వరపడి చేసిన చెడుగని చెప్పితిని. చెప్పుచుండగా ఆ బాలిక ప్రశ్న జ్ఞప్తికి వచ్చినది. ఆమె యిప్పు డెచ్చట నున్నదో యెరుగను. ఈ ప్రసంగ మామె చెవిని బడినచో, ఆ పుస్తకములోని యా పంక్తిని గొట్టివేసి బెంగుళూరు నాగరత్నమ్మగారని దిద్దుకొన గోరెదను.

నాగరత్నమ్మగారికి సంతానము లేదు. 1949లో వీలునామా వ్రాసి, తనకు మిగిలిన యాస్తిని స్వామివారి సేవకే ధర్మసంస్థగా నేర్పరచిరి. 1952 మే 19వ తేదీన తిరువయ్యారులోనే కన్నుమూసిరి. తాను కట్టించిన గుడికి చేరువనే ఆమె సమాధి గలదు. అందామె శిలావిగ్రహము చేతులు జోడించుకొని స్వామివైపే చూచుచుండును. పుష్య బహుళ పంచమినాడు గోష్ఠి ముగిసి జనులు కావేరి మెట్లవైపు మరలునపుడు, స్త్రీలు కొందరు ఆ చోట నిలిచి, తలలోని పూవు తీసి విగ్రహము పాదములకడ నుంచి పోవుట నేను చూచితిని.