ఇంగ్లండు పల్లె కచేరీలో ఆడవారి పొలం

పొలం చేతులు మారితే ఒక కాగితం కావాలి. ఆ కాగితం మీద ఎవరి పేరుంటే పొలం వారిది. ఇది మనందరికీ తెలిసిన సంగతే. అయితే ఆ పేరు ఒక ఇల్లాలిదైనప్పుడు, పొలం చెయ్యి దాటిపోయే వేళ ఆమెను పక్కకు పిలిచి, "అమ్మా, ఇది నీకు నిజంగా ఇష్టమేనా? ఎవరైనా బలవంతం చేశారా?" అని అడిగేవారెవరు? కొన్ని వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు పల్లెటూళ్ళలో ఈ ప్రశ్న అడిగారు. అడిగినట్టు వ్రాసి పెట్టారు కూడా. ఆ వ్రాతల గురించీ, వాటిలో కనిపించే ఆడవాళ్ళ గురించీ ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మధ్యయుగాల ఇంగ్లండులో పల్లె భూములు చాలావరకు మేనరు అనే ఏర్పాటు కింద ఉండేవి. మేనరంటే, మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఒక దొర చేతికింద ఉన్న జమీ అనుకోండి. ఆ దొర రాజుగారే కావచ్చు, ఒక బిషప్పు కావచ్చు, మఠం కావచ్చు, మామూలు భూస్వామి కావచ్చు. కొంత భూమి దొర సొంత సాగు. మిగిలింది రైతుల చేతిలో ఉండేది. ఆ రైతుల్లో చాలామంది స్వతంత్రులు కారు. దొర పొలంలో వెట్టి చేయాలి. కూతురికి పెళ్ళి చేస్తే దొరకు రుసుం కట్టాలి. తన చేతిలోని పొలం అమ్ముకోవాలన్నా, కొడుక్కి ఇవ్వాలన్నా దొర కచేరీకి రావలసిందే.

ఆ కచేరీ పేరు మేనరు కోర్టు. దొర తరఫున స్టూవర్డు, అంటే మన దివానువంటి ఉద్యోగి, కూర్చునేవాడు. ఊరి రైతులే జూరీగా నిలబడి తమ ఊరి ఆచారం ఏమిటో చెప్పేవారు. జరిగినదంతా గుమాస్తా తోలు పత్రాల మీద లాటిన్ భాషలో వ్రాసేవాడు. ఆ పత్రాలను ఒక కొసన కలిపి కుట్టి, చాప చుట్టినట్టు చుట్టి దాచేవారు. అందుకే వాటిని కోర్టు రోల్సు అన్నారు. 13వ శతాబ్దం నడిమి కాలం నుంచి ఇవి దొరుకుతున్నాయి. 1733 దాకా వీటి భాష లాటినే. నడుమ రాజు లేని రోజుల్లో మాత్రం కొన్నేళ్ళపాటు ఇంగ్లీషులో వ్రాశారు.

పొలం చేతులు మారే తతంగం చూడముచ్చటగా ఉండేది. అమ్మేవాడు నేరుగా కొనేవాడికి ఇవ్వడానికి వీల్లేదు. పేరుకు భూమి దొరది కదా! అందుకని ముందు దొరకే తిరిగి అప్పగించాలి. అమ్మేవాడు ఒక కర్ర తీసుకొని స్టూవర్డు చేతికి ఇచ్చేవాడు. అంటే పొలం దొర చేతికి చేరిందన్నమాట. స్టూవర్డు అదే కర్రను కొనేవాడి చేతిలో పెట్టేవాడు. దానితో పొలం కొత్తవాడిదయ్యేది. కొన్ని ఊళ్ళలో కర్రకు బదులు గడ్డిపరకో, చేతి తొడుగో ఇచ్చేవారట. కొత్త రైతు దొరకు విధేయుడుగా ఉంటానని ప్రమాణం చేసి, ప్రవేశ రుసుం కట్టేవాడు. దీన్ని ఫైను అనేవారు గాని, ఇది జుల్మానా కాదు సుమండీ!

ఈ సంగతంతా రోల్లో ఎక్కించాక, ఆ భాగానికి నకలు వ్రాసి రైతు చేతికి ఇచ్చేవారు. అదే అతని పట్టా. నకలు ఆధారంగా అనుభవించే భూమి కాబట్టి దానికి కాపీహోల్డు అని పేరు వచ్చింది. నూటికి నూరుపాళ్ళూ దొర దయమీద ఆధారపడిన రైతు చేతికి మొదటిసారిగా ఒక వ్రాతకాగితం వచ్చింది. ఎంత చిన్న తోలు ముక్కయితేనేం, దాని విలువ ముందు ముందు తెలిసింది.

కాపీహోల్డనే మాట పుట్టకముందే ఈ రోల్సులో ఆడవాళ్ళ పేర్లు కనిపిస్తాయి. నార్తాంప్టన్‌షైరులో బ్రిగ్‌స్టాక్ అనే ఊరుంది. అది రాజుగారి మేనరు. ఆ ఊళ్ళో సుమారు 1297లో పుట్టి, 1344లో చనిపోయిన సెసీలియా పెనిఫాడర్ అనే రైతు స్త్రీ ఉండేది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. తన పేరున కొద్దికొద్దిగా భూమి కూడబెట్టుకుంది. ఆమె చనిపోయాక ఆ భూమి ఎవరికి చెందాలని తగవు వస్తే, అదీ కచేరీకే ఎక్కింది. జూడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి ఆ ఊరి రోల్సును ఓపికగా చదివి, 1999లో సెసీలియా జీవితం మీద ఒక పుస్తకమే వ్రాశారు. ఆలోచించండి. ఆ కాలంలో రాణుల గురించీ, సన్యాసినుల గురించీ వ్రాసినవారున్నారు. పొలం దున్నించుకుని బతికిన ఒక పల్లె స్త్రీ గురించి ఎవరు వ్రాస్తారు? ఆమె భూమి కొన్నది కాబట్టి, కొన్న ప్రతిసారీ గుమాస్తా పేరు వ్రాసుకున్నాడు కాబట్టి, ఏడువందల ఏళ్ళ తరువాత ఆమె మనకు తెలిసింది.

సెసీలియా పోయిన నాలుగేళ్ళకే, 1348లో, ఇంగ్లండులో మహామారి ప్లేగు దిగింది. సఫోక్ ప్రాంతంలోని వాల్షమ్ అనే ఊళ్ళో 1349 జూన్‌లో కచేరీ కూర్చున్నప్పుడు, ఆ ఒక్కరోజే నూరుమందికి పైబడి రైతుల చావులు రోల్లో వ్రాయవలసి వచ్చింది. ఎవరు పోయారు, వారి పొలం ఎంత, వారసులెవరు, దొరకు రావలసిన పశువు ఏది అని ఒకటే వరస. పశువేమిటంటారా? ఇంటి పెద్ద చనిపోతే ఆ ఇంట్లోని మేలైన పశువును దొర తీసుకుపోయే ఆచారం ఉండేది. దాన్ని హెరియట్ అనేవారు. భర్తను పూడ్చిపెట్టి వచ్చిన ఇల్లాలు దొడ్లోకి చూస్తే, పాలిచ్చే ఆవు ఉండేది కాదు! కొడుకులు కూడా పోయిన ఇళ్ళలో భార్యలూ, కూతుళ్ళూ ఆ పొలాలకు హక్కుదార్లుగా కచేరీ ముందు నిలబడ్డారు.

ప్లేగు తరువాత పనివాళ్ళు కరువయ్యారు. రైతుకు కాస్త గీర పెరిగింది. 1381లో పెద్ద తిరుగుబాటు లేచింది. ఎసెక్స్, సఫోక్, నార్‌ఫోక్ మొదలైన చోట్ల తిరగబడ్డవాళ్ళు వెతికి వెతికి కాల్చినవి ఈ కోర్టు రోల్సునే. తాతముత్తాతల వెట్టి అందులోనే వ్రాసి ఉంది కదా మరి! కాగితం కాలితే బానిసత్వమూ కాలుతుందనుకున్నారు. తిరుగుబాటును అణిచేశారు గాని, వెట్టి క్రమంగా సడలిపోయింది. ఆ తరువాత విచిత్రమేమిటంటే, ఒకనాడు సంకెల అనుకున్న ఆ వ్రాతే రైతుకు డాలు అయింది. దొర వెళ్ళగొట్టాలని చూస్తే, రైతు తన నకలు చూపించేవాడు. 16వ శతాబ్దం ముగిసేనాటికి రాజుగారి న్యాయస్థానాలు కూడా ఆ నకలును మన్నించాయి. 1641లో అచ్చయిన గ్రంథంలో ఎడ్వర్డ్ కోక్ అనే న్యాయకోవిదుడు, ఆచారం ప్రకారం తన బాధ్యతలు తీర్చే రైతు దొరకు భయపడనక్కరలేదనే అర్థం వచ్చేట్టు వ్రాశాడు.

మరి ఆడవాళ్ళ మాటేమిటి? ఇంగ్లండు న్యాయశాస్త్రంలో పెళ్ళయిన స్త్రీకి విడిగా ఉనికి లేదు. ఆమె సొమ్ము, నగ, చివరికి ఆమె సంపాదన కూడా భర్తదే. పుట్టింటినుంచి వచ్చిన భూమి మీద పెత్తనమూ అతనిదే. పూర్తిగా అమ్మేయాలంటే మాత్రం భార్య కలిసిరావాలి. ఇక్కడే మొదట చెప్పిన ప్రశ్న వస్తుంది. భార్యకు చెందిన కాపీహోల్డు భూమిని దంపతులు అప్పగించడానికి వచ్చినప్పుడు, స్టూవర్డు భర్తను దూరంగా ఉంచి, ఆమెను ఒంటరిగా, రహస్యంగా విచారించేవాడు. ఆమె తన ఇష్టంతోనే ఒప్పుకున్నానంటేనే కర్ర చేతులు మారేది. 'భార్యను విడిగా, రహస్యంగా విచారించడమైనది' అనే అర్థంలో ఒక ముక్క రోల్లో చేర్చేవారు. మామూలు స్వతంత్ర భూములకూ ఇలాంటి విచారణ లేకపోలేదు. కాని దానికి రాజుగారి న్యాయస్థానం తతంగం నడపాలి, ఖర్చు భరించాలి. మేనరులోనయితే ఊరి కచేరీలోనే అయిపోయేది.

ఈ ఏర్పాటును మరీ గొప్ప చేయనక్కరలేదు. విచారణ పది నిమిషాలు. ఆ తరువాత ఆమె వెళ్ళవలసింది ఆ భర్త ఇంటికే. లోపల 'ఇష్టమే' అన్న మాట వెనక ఎన్ని కన్నీళ్ళున్నాయో తోలుపత్రం చెప్పదు. స్టూవర్డుకూ ఇది వ్రాతకోతల్లో ఒక లాంఛనంగా మారిన సందర్భాలు ఉండకపోవు. అయినా సరే, ఆమె మాట అవసరమన్నారు. ఆమె కాదంటే పొలం కదలదన్నారు. భార్యకు నోరే లేదన్న న్యాయశాస్త్రంలో ఇదొక చిన్న కిటికీ. చిన్న కిటికీలోంచి కూడా గాలి వస్తుంది.

ఇక భర్త పోయిన స్త్రీ సంగతి. స్వతంత్ర భూములున్న చోట వితంతువుకు భర్త భూమిలో మూడోవంతు, బతికినంతకాలం. మేనరు ఆచారంలో ఆమె హక్కును ఫ్రీ బెంచి అనేవారు. అది ఊరిని బట్టి మారేది. కొన్ని ఊళ్ళలో మూడోవంతు, కొన్నింటిలో సగం, కొన్నింటిలో మొత్తం పొలం. సోమర్‌సెట్‌లోని టాంటన్ డీన్ అనే పెద్ద మేనరులోనయితే భర్తకు వారసురాలు భార్యే. పిల్లల కంటే ముందు ఆమె! విని ఆశ్చర్యపోతున్నారా? ఇంగ్లండు అంతటికీ ఒకే చట్టం ఉందనుకుంటాం గాని, పొలం విషయంలో ఊరూరికీ ఒక చట్టం ఉండేది.

కాని ఫ్రీ బెంచిలో రెండు మెలికలున్నాయి. మొదటిది, చాలా ఊళ్ళలో భర్త చనిపోయేనాటికి అతని చేతిలో ఉన్న భూమికే ఈ హక్కు. బతికుండగా అతను అమ్మేసుకుంటే భార్యకు మిగిలేది శూన్యం. రెండోది ఇంకా చేదుగా ఉంటుంది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, శీలం తప్పిందని తేలినా, అనేక మేనర్లలో పొలం పోయేది. బర్క్‌షైరులోని ఎన్‌బోర్న్ అనే చోట ఒక వింత ఆచారం ఉండేదని 17వ శతాబ్దపు పుస్తకాల్లో కనిపిస్తుంది. 1714లో స్పెక్టేటర్ పత్రిక కూడా దాన్ని ప్రకటించింది. తప్పు చేసిన వితంతువు నల్ల పొట్టేలు మీద వెనక్కి తిరిగి కూర్చుని, దాని తోక పట్టుకుని కచేరీలోకి రావాలి. తనను తాను నిందించుకునే ఒక హాస్యపు పద్యం చదవాలి. అలా చేస్తే పొలం తిరిగి ఇవ్వాలి! పత్రికలు చదివినవాళ్ళు నవ్వుకున్నారు. మనకూ మొదట నవ్వు వస్తుంది. తరువాత ఆ పొట్టేలు మీద కూర్చున్న మనిషి స్థానంలో మనల్ని ఊహించుకుంటే నవ్వు ఆగిపోతుంది. ఊరందరి ముందూ పరువు తీసుకుంటేగాని పూట గడవదంటే, ఆమె దేన్ని వదులుకోవాలి? పైగా ఆ ఆచారంలో మగవాడికి పొట్టేలు లేదు.

కాబట్టి పాత ఆచారాలన్నీ ఆడవారికి మేలు చేశాయని చెప్పడానికి లేదు, అన్నీ కీడే చేశాయనీ అనలేం. ఆచారం ఇచ్చిన చేత్తోనే షరతు పెట్టింది. కాని ఇచ్చిందేమిటో, షరతేమిటో వ్రాసి పెట్టింది. వ్రాసి ఉన్నదాన్ని పట్టుకుని నిలదీయవచ్చు. నోటిమాటగా ఉన్నదాన్ని ఎవరు నిలదీయగలరు?

19వ శతాబ్దానికి ఈ కర్రలూ, హెరియట్లూ జనానికి బరువయ్యాయి. 1841 నుంచి వరసగా చట్టాలు చేసి, కాపీహోల్డును మామూలు సొంత భూమిగా మార్చుకునే వీలు కల్పించారు. 1882లో చేసిన మరో చట్టంతో, పెళ్ళయిన స్త్రీకి తన ఆస్తిని తన పేరున ఉంచుకునే, తన ఇష్టప్రకారం ఇచ్చుకునే హక్కు వచ్చింది. చివరకు 1922 నాటి చట్టం ద్వారా 1926 జనవరి 1 నుంచి కాపీహోల్డు పూర్తిగా రద్దయింది. రద్దయిందని రోల్సును పొయ్యిలో పెట్టలేదు. పాత హక్కులకు అవే సాక్ష్యం కనుక, 1924లో చట్టం చేసి వాటికి రక్షణ కల్పించారు. ఏ మేనరు పత్రాలు ఎక్కడున్నాయో తెలిపే జాబితాను అక్కడి జాతీయ పత్రాగారం నిర్వహిస్తోంది. యార్క్‌షైరులోని వేక్‌ఫీల్డ్ మేనరు రోల్సు 1274 నుంచి 1925 వరకు, అంటే ఆరువందల యాభై ఏళ్ళ పైచిలుకు కాలానివి ఉన్నాయి. 2016లో వాటిని యునెస్కో వారి బ్రిటన్ స్మృతి జాబితాలో చేర్చారు.

ఆ రోల్సు విప్పితే యుద్ధాలు కనపడవు, కిరీటాలు కనపడవు. రెండెకరాల చెలక, ఒక ఇల్లు, దాని వెనక దొడ్డి, వీటి కోసం కచేరీలో నిలబడ్డ మనుషులు కనపడతారు. వాళ్ళలో కూతుళ్ళున్నారు, వితంతువులున్నారు, భర్తను గుమ్మం అవతల నిలబెట్టి తన మాట తాను చెప్పిన ఇల్లాళ్ళున్నారు.

ఇవాళ మన దేశంలో స్త్రీకి ఆస్తిహక్కు చట్టంలో ఉంది. నల్ల పొట్టేలు ఎక్కమనేవారు లేరు. అయినా 'ఇక్కడ సంతకం పెట్టు' అనగానే, ఏమిటని అడగకుండా పెట్టేసే ఆడవాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. పక్కకు పిలిచి అడిగే స్టూవర్డు ఇప్పుడు రాడు. ఆ ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి. మీ పేరున గజం స్థలమున్నా సరే, ఆ కాగితం ఎక్కడుందో కనుక్కోండి. తీరిక చేసుకుని ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదవండి. అర్థంకాని చోట తెలిసినవారిని అడగండి. సంతకం ఆ తరువాత.